తూకం పిల్ల

చదివేవాళ్లు ముందుగా నన్ను మన్నించాలి. నా రాతలో తప్పులుంటాయి. ఒక వాక్యం రాసి, దాన్ని నేనే కూడబలుక్కుని చదివి, సరిగ్గా ఉందో లేదో తేలక మళ్లీ మొదటికొస్తాను. ఒక పుటకు ఒక పూట పడుతుంది. నలభై ఏళ్లు తేయాకు గిల్లిన వేళ్లివి. పెన్ను పట్టుకున్నా దాన్ని గిల్లబోతాయే తప్ప నడపవు. అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. అవి నా కోసం వచ్చినవి కావు. ఎవరి కోసం వచ్చి నా దగ్గర ఉండిపోయాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ ఏడు చిత్తిరై నెలలో, అంటే ఏప్రిల్‌లో, వానలు ముందే దిగాయి. రెండు మూడు జల్లులు పడి, పైన ఎండ కాసేసరికి కొండంతా ఒక్కసారిగా చిగురేసింది. చిగురు కాలం వస్తే మా కరడిమలై తోటలో ఎవరికీ ఊపిరి సలపదు. ఇవాళ గిల్లని కొస రేపటికి ముదురుతుంది. ముదిరిన ఆకును ఫ్యాక్టరీ తీసుకోదు. అందుకని ఆ రోజుల్లో పని మానేసిన ముసలివాళ్లను కూడా కొండెక్కమని కబురు పెడతారు.

నేను అప్పటికి పని మాని మూడేళ్లయింది. నా పనల్లా నా మనవరాలు దిలుక్షిని చూసుకోవడమే. దిలు అని పిలిచేవాళ్లం. నా కొడుకు రవీంద్రన్ కొలంబోలో ఒక హోటల్ వంటింట్లో ఉండేవాడు. దీపావళికి మాత్రం వచ్చేవాడు. కోడలు సెల్వి ఆకు గిల్లడానికి వెళ్లేది. దిలుకి నాలుగేళ్లు. పుట్టినప్పుడు వెంటనే ఏడవలేదు. అందుకో మరెందుకో, మెడ నిలిచేది కాదు. కాళ్లు కత్తెరలా పెనవేసుకుపోయేవి. చెయ్యి ఒకచోటికి పంపితే ఇంకోచోటికి పోయేది. మాట లేదు. కానీ దానికి అన్నీ తెలుసు. మాచేత పని చేయించే కంగాణి అళగర్, కూలీల గదులు వరసగా ఉండే మా లైను ముందు బురదలో కాలు జారి పడిన రోజు అందరికన్నా ముందు నవ్వింది ఆ పిల్లే.

ఆ అళగరే ఒక పొద్దున గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

“మరుదాయక్కా, రేపట్నించి నువ్వూ కొండెక్కాల. దొర చెప్పమన్నాడు.”

“దొరనొచ్చి నా మనవరాల్ని ఎత్తుకోమను. ఎక్కుతా.”

“ఆయన యాడ ఎత్తుకుంటాడక్కా? ఆయన కుక్కను ఎత్తుకోడానికే ఒక మనిషిని పెట్టుకున్నాడు.”

లోపల రొట్టె తడుతున్న సెల్వి పిండిచేతులతో బయటికొచ్చింది.

“వస్తాదన్నా. అత్త వస్తాది. నువ్వు పేరు రాసుకో.”

అళగర్ వెళ్లాక నేను సెల్వి మీద విరుచుకుపడ్డాను. “బిడ్డనేం చేద్దామని? మంచం కోడుకు కట్టేసి పోదామా, ఆ పై లైను వాళ్ల మాదిరి?”

“పిల్లల గదిలో పెడదాం.”

“కూర్చోలేని బిడ్డను ఎవరు పెట్టుకుంటారే?”

“లైనులో పిల్లలందరూ ఆడనే కదా ఉండేది. ఇది లైనులో పిల్ల కాదా అత్తా?”

చిగురు కాలంలో సంపాదించిందే మేము ఏడాదంతా తినాలి. అది నాకూ తెలుసు. కానీ సెల్వి మాటలో అదొక్కటే లేదు. పొద్దున్నే లైనులో పిల్లలందరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పిల్లల గదికి పోతుంటే, దిలు గుమ్మంలో చాప మీద పడుకుని, ఆ చప్పుడు మలుపు తిరిగేదాకా అటే చూసేది. తల్లి అది రోజూ చూస్తూనే ఉందన్నమాట.

పిల్లల గది తూకం కొట్టానికి ఎదురుగా ఉంటుంది. పొడుగాటి గది, ముందు వసారా. లోపల పైకప్పుకు ఒక ఇనుప కడ్డీ ఉంది. దానికి చీరలతో ఊయలలు కట్టి చంటిపిల్లలను వేస్తారు. ఫ్యాక్టరీ పదిగంటల కూత వేసినప్పుడు పాలిచ్చే తల్లులు కొండ దిగి వచ్చి పాలిచ్చి పోతారు. నడిచే పిల్లలు నేల మీద ఆడుకుంటారు, పాటలు నేర్చుకుంటారు. ఆ గదిని చూసేది యోగమలర్. పై డివిజను పిల్ల, పెళ్లి కాలేదు. హట్టన్‌లో కొన్నాళ్లు శిక్షణకు వెళ్లొచ్చింది కాబట్టి అందరూ టీచర్ అనేవాళ్లు.

దిలును చంకనేసుకుని వెళ్లాం. యోగమలర్ ఎత్తుకోబోతే దిలు చొంగంతా ఆమె చీర మీద పడింది. ఆమె పైటకొంగుతో దాని మూతే ముందు తుడిచింది. తన చీర తుడుచుకోలేదు. అప్పుడే నాకు ఆశ పుట్టింది. పుట్టకుండా ఉంటే బాగుండేది.

“నాకు రెండే చేతులవ్వా,” అంది. “పిల్లలేమో ఇంతమంది. కానీ హట్టన్‌లో చెప్పారు. కన్ను లేనోళ్లని, కాలు లేనోళ్లని, అందర్నీ ఒక్క గదిలోనే కూర్చోబెట్టాలంట. చిన్నప్పుడే కలిసి ఆడుకుంటే పెద్దయినాక వేరుగా చూడరంట.”

“చెప్పినోళ్లు ఎట్ట కూర్చోబెట్టాలో చెప్పినారా?”

“ఒక కుర్చీ చూపించారు. అటూ ఇటూ చెక్కలు, మెడకు దిండు, ముందర బల్ల.”

“ఆ కుర్చీ యాడుంది?”

“బొమ్మలో,” అని నవ్వేసింది. మేమూ నవ్వాం.

మా లైనులోనే ఉండే రాసాత్తి అప్పుడే తన చంటిబిడ్డను ఊయలలో వేసి ఇటు తిరిగింది. ఆమె పెద్దకొడుకు కవిషన్ ఆమె కొంగు పట్టుకుని దిలు కాళ్లకేసి చూస్తున్నాడు.

“టీచరమ్మా, మా చంటిదాని ఊయల కాడ మాత్రం ఈ పిల్లను పెట్టొద్దు.”

“నా బిడ్డకేమన్నా అంటురోగమా వదినా?” అంది సెల్వి.

“అంటురోగమని నేనన్నానా? నీ బిడ్డ నీకు బంగారం. నా బిడ్డ నాకు బంగారం. అంతే.”

“వసారాలో కూర్చోబెడతాను,” అంది యోగమలర్ మధ్యలో దూరి. “కూర్చునే మార్గం మాత్రం మీరే చూడండి.”

ఆ సాయంత్రం అటక మీంచి నా పాత బుట్ట దించాను. ఇప్పుడందరూ నైలాను సంచులు కట్టుకుంటున్నారు గానీ, మా కాలంలో బెత్తపు బుట్టలే. తాడు నెత్తికి వేసుకుని వీపున మోసేవాళ్లం. ఈ బుట్టను నా పెనిమిటి పెరియసామి మా పెళ్లయిన ఏడు అల్లించి ఇచ్చాడు. ఆయన పోయినా అది అటక మీదే ఉండింది. దానిలోపల ఇంకా ఆకు వాసన ఉంది. ముందువైపు అంచు కొడవలితో కోసి, కాళ్లు రావడానికి రెండు సందులు చేశాను. లోపల నా పాత కంబళి మడిచి వేశాను. నడుముకు ఒక చీర పేలిక కట్టాను. దిలును దించితే అన్ని వైపులా బుట్ట పట్టుకుంది. తల ఒక పక్కకు వాలింది గానీ పడలేదు. దాని బతుకులో మొదటిసారి అది మమ్మల్ని పడుకుని గాక ఎదురుగా చూసింది.

దారిన పోతున్న అళగర్ ఆగాడు. “ఏందక్కా, మనవరాల్ని కూడా తూకానికి పంపిస్తాండావా?”

సెల్వి నవ్వలేదు. దిలు మాత్రం బుట్ట ఊగిపోయేలా నవ్వింది.

మొదటి రెండు మూడు రోజులూ కొండ మీద నా చేతులు ఆకు గిల్లుతున్నా చెవులు కిందనే ఉన్నాయి. పదిగంటల తూకానికి దిగినప్పుడు వసారా వైపు చూస్తే దిలు ఒక్కతే బుట్టలో కూర్చుని ఉండేది. పిల్లలు అటూ ఇటూ పరుగెడుతూ, దాని దగ్గరికొచ్చేసరికి చుట్టు తిరిగి పోయేవాళ్లు. గోడకు చేరేసిన సామాను చుట్టు తిరిగినట్టు.

తర్వాత ఒక రోజు దిగేసరికి వసారాలో గోలగోలగా ఉంది. పిల్లలు ఆకు గిల్లే ఆట ఆడుతున్నారు. మా తోటలో పిల్లలకు తెలిసిన ఆట అదే. తలకు గుడ్డ కట్టుకుని, కంచెలో ఆకులు తుంచి, వీపున సంచిలో వేసుకుని, కొండ దిగినట్టు మెట్లు దిగి తూకానికి వస్తారు. తూకం ఎక్కడ? దిలు దగ్గర. ఒకడు ఆకులు తెచ్చి దాని ఒడిలో పోస్తాడు. దాని చెయ్యి గాల్లో ఎటెటో తిరిగి, చివరికి ఆ ఆకుల మీద పడుతుంది. పడగానే “ఊఁ!” అంటుంది. తూకం అయినట్టు లెక్క.

కవిషన్ కంగాణి. చేతిలో పుల్ల పట్టుకుని అళగర్ మాదిరే కాలు కాస్త ఈడుస్తూ తిరుగుతున్నాడు.

“తడికి రెండు కిలోలు తీసేయ్! గోనెకు ఒక కిలో తీసేయ్!” అని, అళగర్ మా తూకంలో కోతలు కోసేటట్టే అరుస్తున్నాడు.

దిలు “ఊఁ!” అంది.

“తియ్యనంటాంది!” అని మదుషిక అనే పిల్ల గంతులేసింది. “తూకం పిల్ల తియ్యనంటాంది! మొత్తం నాకే!”

“నువ్వు తియ్యవా?” అన్నాడు కవిషన్ నడుం మీద చెయ్యి పెట్టి.

“ఊఁ!”

పిల్లలందరూ కేకలు వేశారు. నా పక్కన తూకానికి నిలబడిన ఆడవాళ్లు కూడా నవ్వారు. “ఇదిగో అళగరన్నా, కోత లేని తూకం చూడు. నీకన్నా ఆ పిల్లే నయం,” అంది ఒకామె. అళగర్ విననట్టు త్రాసు ముల్లు వైపు చూశాడు.

సెల్వి నా వెనక వరసలో ఉంది. తిరిగి చూస్తే తలగుడ్డ అంచుతో ముక్కు తుడుచుకుంటోంది. “జలుబు,” అంది.

ఆ రోజునుంచి సాయంత్రం ఇంటికి తీసుకెళ్లబోతే దిలు ఏడుపు. బుట్టలోంచి తీస్తే ఒళ్లంతా కర్రలా బిగదీసేది. “ఏం పిల్లే ఇది! తల్లిని చూసి ఏడుస్తాది!” అని సెల్వి అందరికీ వినబడేలా విసుక్కునేది. ఆ విసుగులో ఎంత సంతోషం ఉండేదో నాకు తెలుసు. రాత్రి పడుకోబెట్టినప్పుడు దాని చెయ్యి తీసి తన పొట్ట మీద వేసుకుని, “నన్ను తూచు. ఎన్ని కిలోలు?” అనేది. దిలు “ఊఁ” అనేది. “అంతేనా? పొద్దున్నించి ఒక్క రొట్టెతో ఉండానే, ఇంకా ఎక్కువ రాయి,” అనేది తల్లి.

మెడ కూడా నిలవడం మొదలైంది. ఆకులు తెచ్చేవాళ్ల ముఖాలు చూడాలి కదా, తల ఎత్తేది. యోగమలర్ అది గమనించి, “అవ్వా, ఇంకొంచెం పోతే పలక చూపిస్తా. జనవరికి వీళ్లందరూ బడికి పోతారు. దీన్ని కూడా బుట్టతో సహా పంపిద్దాం,” అంది. బడి హెడ్మాస్టరు ఒప్పుకుంటాడా అని నేను అడగలేదు. ఆ పూటకు ఆ మాట అలాగే ఉండనిద్దామనిపించింది.

మధ్యలో ఒకసారి తోట సంక్షేమం చూసే గుణశేకరన్ అనే ఆయన వచ్చాడు. ఊయలలు లెక్కపెట్టాడు, సత్తుపిండి డబ్బాలు తెరిచి చూశాడు. పిల్లల గది గోడ మీద హట్టన్ నుంచి వచ్చిన పెద్ద రంగుల బొమ్మ ఒకటి ఉండేది. చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడిన పిల్లలు, వాళ్ల మధ్యలో చక్రాల కుర్చీలో ఒక పిల్ల, అందరి నోళ్లలోనూ నవ్వు. ఆయన సరిగ్గా ఆ బొమ్మ కిందే నిలబడి, వసారాలో బుట్టలో ఉన్న దిలును చూశాడు.

“ఎవరిదీ పిల్ల?”

“సెల్వి కూతురు సార్. నాలుగేళ్లు,” అంది యోగమలర్.

ఆయన చెడ్డవాడు కాదు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. “నీకు నడవలేని పిల్లల్ని చూసే మనిషిని ఇవ్వలేదు, కుర్చీ ఇవ్వలేదు. ఏమైనా అయితే నన్నడుగుతారు. ఏమీ కానంతవరకూ నేను చూడలేదనుకో,” అని గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు.

చిగురు మరీ ముమ్మరంగా ఉన్న రోజది. ఫ్యాక్టరీ నిండిపోయి లారీలు వెనకబడ్డాయి. మధ్యాహ్నం తూకానికి దిగేసరికి కొట్టం ముందు పెద్ద వరస. తూచిన ఆకునంతా గోనెపట్టా పరిచి దాని మీద కుమ్మరించి, లారీ రాగానే మళ్లీ ఎత్తాలి. మేము ఒకరి తర్వాత ఒకరం సంచి మూతి విప్పడం, మోకాలు అడుగున ఆనించి ఎత్తడం, కుమ్మరించడం. పొద్దున్నించి పిల్లలు వసారా అంచున కూర్చుని అదే చూస్తున్నారు.

నా వంతు అయిపోయి చేతులు దులుపుకుంటున్నాను. వసారాలో కవిషన్ గొంతు వినబడింది.

“లారీ వచ్చింది! లారీ వచ్చింది! ఎత్తండి!”

తిరిగి చూశాను. మెట్ల కింద నేల మీద ఒక గోనెపట్టా పరిచి ఉంది. నాలుగు మూలలూ సాపుగా లాగి ఉన్నాయి. బుట్టకు ఒక పక్క కవిషన్, ఇంకో పక్క మదుషిక. దిలు నడుం పేలిక విప్పేసి ఉంది. సంచి మూతి విప్పకుండా ఎవరూ ఆకు కుమ్మరించరు కదా. వాళ్లిద్దరూ మోకాళ్లు బుట్ట అడుగున ఆనించారు. మేము ఆనించినట్టే.

నేను అరిచానో లేదో గుర్తు లేదు. బుట్ట లేచి ఒంగింది.

గోనె మీద భుజమే పడింది. ముఖం పక్కనున్న కాలవ రాయికి తగిలింది.

నేను పరుగెత్తి ఎత్తేసరికి నోరంతా రక్తం. ఒక్క క్షణం ఏడవలేదు. ఆ రక్తపు నోటితోనే చుట్టూ మూగిన పిల్లల్ని చూసి “ఊఁ” అంది. ఆ తర్వాత ఏడ్చింది. సెల్వి వరసలోంచి వచ్చి నా చేతుల్లోంచి దాన్ని లాక్కుంది. అప్పటికి ఎవరి సంచి ఎవరి కాళ్లకింద పడిందో, కొట్టం ముందంతా ఆకే.

కవిషన్ ఇంకా బుట్ట అంచు వదల్లేదు. నన్ను చూసి మెల్లగా అన్నాడు.

“గోనె పరిచాం అవ్వా.”

టౌను ఆసుపత్రిలో పై పళ్లు రెండు పోయాయని, మెడ దగ్గర ఎముక విరిగిందని చెప్పారు. చెయ్యి ఒంటికి చేర్చి గట్టిగా కట్టేశారు. డాక్టరు సింహళంలో ఏదో అడిగితే పక్కనున్న నర్సు తమిళంలో చెప్పింది, “ఎట్ట పడింది అని అడుగుతున్నారు.” సెల్వి బిడ్డ మూతి మళ్లీ మళ్లీ తుడిచింది. చివరికి, “ఆడుకుంటా పడింది,” అంది. ఆ మాట నేను ఎన్నడూ మరిచిపోలేదు. లైనులో మిగతా తల్లులందరూ ఏడాదికొకసారైనా ఆసుపత్రిలో చెప్పే మాటే అది. సెల్వికి అదే మొదటిసారి, అదే ఆఖరుసారి.

మర్నాటి సాయంత్రం పిల్లల గది వసారాలో అందరూ చేరారు. గుణశేకరన్ కుర్చీలో కూర్చున్నాడు. యోగమలర్ గోడకానుకుని నిలబడింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది.

రాసాత్తి ముందుకొచ్చింది. కొడుకును కర్రతో బాదిందని నాకు తెలుసు. రాత్రంతా వాడి ఏడుపు గోడ అవతలనుంచి వినబడింది.

“నాకు సెల్వి మీద పగ లేదు,” అంది. “నా కొడుకు రాత్రి నిద్రలో లేచి గోనె, గోనె అని అరుస్తాడు. అయిదేళ్లోడికి ఈ పాపం ఎందుకు అంటాల? ఆ పిల్లకు ఇంకా పెద్దదేమన్నా అయ్యుంటే బతుకంతా మోయాల్సింది వాడే కదా?”

ఆమె చెప్పింది అబద్ధం కాదు.

“నేను కొండ మానేస్తా సార్,” అన్నాను. “రోజూ ఈడనే, వసారాలో బిడ్డ పక్కన కూర్చుంటా. కూలి వద్దు. బుట్ట మీద చెయ్యి తియ్యను.”

గుణశేకరన్ తల అడ్డంగా ఊపాడు. “పనిలో లేని మనిషి పిల్లల గదిలో కూర్చోకూడదమ్మా. నిన్ను కూర్చోనిస్తే రేపు అందరి అవ్వలూ వస్తారు. రూలు నేను పెట్టింది కాదు.”

“మరి ఈ బొమ్మ ఎవరు పెట్టింది సార్?” అంది సెల్వి. వేలు గోడ వైపు చూపిస్తోంది. గొంతు మాత్రం పెంచలేదు.

ఆయన వెనక్కి తిరిగి బొమ్మను చూశాడు. అంతవరకు అది అక్కడ ఉందని ఎరగనట్టే చూశాడు. “అది పైనుంచి వచ్చింది,” అన్నాడు. తర్వాత యోగమలర్ వైపు తిరిగి, “నడవగలిగిన పిల్లల్నే తీసుకో. ఇంకోసారి నాకు చెప్పించుకోకు,” అని లేచాడు.

ఇంటికొచ్చాక సెల్వి బుట్టను పొయ్యి ముందు పెట్టుకుని కూర్చుంది. ఒక్కొక్క బెత్తపు పుల్లా పీకి మంటలో పెట్టింది. నన్ను అడగలేదు. నేనూ వద్దనలేదు. ఎండిన బెత్తం, చాలా బాగా మండింది. ఆ మంటమీదే దిలుకి గంజి కాచాం.

నేను కొండ మానేశాను. సెల్వి ఒక్కతే పోయేది. కట్టు ఉన్నన్నాళ్లూ దిలు పదిగంటల కూత వినగానే తల తలుపు వైపు తిప్పేది. “అవ్వ ఉంది కదా, నేను ఆకు తెస్తా చూడు,” అని కంచెలో ఆకులు తుంచి దాని ఒడిలో పోసేదాన్ని. నా వైపు చూసేది కాదు. నేను పోసిన ఆకు అది ఒక్కసారి కూడా తూచలేదు.

ఒక మధ్యాహ్నం గుమ్మంలో నీడ పడింది. కవిషన్. నిక్కరు జేబులు ఉబ్బి ఉన్నాయి. లోపలికి రాలేదు. జేబుల్లోంచి ఆకులు తీసి గడప మీద పోశాడు. దిలు ఒళ్లంతా ఊగింది. కట్టులోంచి చెయ్యి బయటికి రావాలని తెగ గింజుకుంది. వాడు భయపడిపోయాడు.

“దానికి నొప్పి పుడతాందా అవ్వా?”

“లేదురా. నిన్ను చూసి సంతోషం. లోపలికి రా నాయనా.”

“అమ్మ కొడతాది,” అని పారిపోయాడు. మళ్లీ రాలేదు. ఆకులు గడప మీదే నల్లబడిపోయాయి. ఊడ్చింది నేనే.

కట్టు విప్పాక చెయ్యి లేవలేదు. ఎముక అతికింది, కదపొచ్చు అన్నారు ఆసుపత్రిలో. అది కదపలేదు.

యోగమలర్ మాత్రం వచ్చింది. పనయ్యాక, వానలో తడుస్తూ, కొంగు కింద పలక దాచుకుని వచ్చేది. “ఇది అక్కడికి రాకూడదన్నారు గానీ నన్ను ఇక్కడికి రావద్దని ఎవరూ చెప్పలేదుగా అవ్వా,” అనేది. దిలును ఒళ్లో పెట్టుకుని, దాని వేళ్ల మధ్య బలపం పెట్టి, ఆ పిడికిలిని తన చేత్తో పట్టుకుని మొదటి అక్షరం దిద్దించేది. చెయ్యి వదలగానే బలపం జారిపోయేది. మళ్లీ పెట్టేది. మళ్లీ జారేది. ఆమెకు పాలు లేని ప్లెయిన్ టీ పెట్టి, చేతిలో చక్కెర వేసి ఇచ్చేదాన్ని. ఆ చక్కెర నాక్కుంటూ, టీ తాగుతూ, “చూడు దిలూ, ఇది కొండ మాదిరి ఉంది కదా? ఇది నీ బుట్ట మాదిరి,” అని చెబుతూనే ఉండేది. దిలు తలుపు వైపు చూసేది. నేను పలక వైపు చూసేదాన్ని.

ఒకరోజు ఆమె వెళ్లాక, పలక మీద మిగిలిన అక్షరం మీద వేలు పెట్టి నేనే దిద్దాను. ఊరికే, చెయ్యి ఖాళీగా ఉండి. మర్నాడు ఆమె చూసి, “ఇది ఎవరు రాసింది?” అని ఆశగా దిలు వంక చూసింది. నేను నా చెయ్యి చూపించాను. ఆమె ముఖం ఒక్క క్షణం వాడిపోయింది. వెంటనే సర్దుకుని, “నువ్వైనా నేర్చుకో అవ్వా,” అంది.

అలా వర్షాకాలమంతా వచ్చింది. తర్వాత ఆమెను వేరే తోటకు మార్చారు. ఆఖరి రోజున పలక మా దగ్గరే వదిలేసింది. దిలుకి పెట్టిన ముద్దు మొత్తం చొంగలో తడిసింది. కొంగుతో ఎప్పటిలాగే దాని మూతి తుడిచి, తన చెంప తుడుచుకోకుండా వెళ్లిపోయింది. ఆమె స్థానంలో వచ్చినామె మంచిదే అంటారు. మాతో ఆమెకు పని పడలేదు.

జనవరిలో కవిషన్, మదుషిక, మిగతా పిల్లలందరూ తెల్లబట్టలు వేసుకుని మా గుమ్మం ముందునుంచే బడికి పోయారు. ఆ పొద్దున సెల్వి కొండకు పోకుండా కాసేపు నిలబడి చూసింది. దిలును చాప మీదనుంచి ఎత్తి కూర్చోబెట్టబోయింది. దిలు తల ఎత్తలేదు. మెడ మళ్లీ పాత మెడే అయిపోయింది. సెల్వి దాన్ని పడుకోబెట్టి, సంచి నడుముకు కట్టుకుని, వెనక్కి చూడకుండా కొండ దారి పట్టింది.

కవిషన్ ఇప్పుడు కొలంబోలో బట్టల కొట్లో ఉన్నాడు. పండక్కి వచ్చినప్పుడు దారిలో కనబడితే “బాగుండావా అవ్వా?” అంటాడు. దిలు ఎలా ఉందని అడగడు. మరిచిపోయి కాదు. మా గుమ్మం దాటేటప్పుడు వాడి నడక మారుతుంది, నేను చూస్తాను. గోడ మీద ఆ బొమ్మ ఇప్పటికీ ఉందట. రంగులు వెలిసి, చక్రాల కుర్చీలో పిల్ల ముఖం దాదాపు చెరిగిపోయిందని రాసాత్తే చెప్పింది. నా కొడుకు దీపావళికి రావడం కూడా మానేశాడు. సెల్వి ఇంకా ఆకు గిల్లుతోంది, మోకాళ్లకు గుడ్డ చుట్టుకుని.

దిలుకి పదిహేడేళ్లు. నేను ఒక్కదాన్నే ఎత్తలేను. సాయంత్రం సెల్వి వచ్చాక ఇద్దరం కలిసి తిప్పి పడుకోబెడతాం. నా తర్వాత ఎవరు తిప్పుతారని నేనూ అడగను, సెల్వీ అడగదు. రొట్టె చుట్టి వచ్చిన పేపరు ముక్కలు దాచిపెట్టి మధ్యాహ్నం దానికి చదివి వినిపిస్తాను. తడుముకుంటూ, ఆగుతూ చదువుతాను. వింటుందో లేదో తెలియదు. పదిగంటల కూత ఇప్పటికీ వేస్తారు. తల తిప్పదు.

ఇది కూడా రాస్తున్నంతసేపూ ముక్క ముక్కగా దానికి చదివి వినిపించాను. పిల్లలు తూకానికి వచ్చిన చోట రెండుసార్లు చదివాను. ఒడిలో కొన్ని ఆకులు కూడా వేశాను. చెయ్యి అలాగే ఉంది.

ఇట్లు,
మరుదాయి, పెరియసామి పెళ్లాన్ని. వయసు డెబ్బై ఒకటి. ఉండేది కరడిమలై తోట, కింది డివిజను, పాత లైను, చివరి గది.